కొత్త ఆఫ్‌రోడ్ బండి: మైలేజ్ పెరగాలి, అప్‌గ్రేడ్‌లూ కావాలి. ఏది ముందు?

మట్టిబాట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న ఫోర్ బై ఫోర్ ఎట్టకేలకు చేతికొచ్చింది. డీజిల్, ఆటోమేటిక్, ల్యాడర్ ఫ్రేమ్. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక సాలిడ్ యాక్సిల్. ఫోర్ వీల్ డ్రైవ్ పార్ట్ టైమ్, అంటే 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, నెమ్మదిగా ఎక్కువ బలంతో). కంపెనీ ఇచ్చిన హైవే టైర్లే ఉన్నాయి, సైజు 265/70ఆర్17. డెలివరీ అప్పుడే పైన క్రాస్ బార్లు, బాస్కెట్ పెట్టించుకున్నాను.

బండి చాలా నచ్చింది. మైలేజ్ మాత్రం టెన్షన్ పెడుతోంది. స్క్రీన్ మీద లీటరుకు 9.5 దాటడం లేదు. నా ప్రయాణాల్లో ఎక్కువ భాగం హైవే, 110-120 మధ్య నడుపుతాను. సెలవు దొరికితే అడవి దారులు, ఇసుక, రాళ్ల కొండలు.

చేయించాలనుకుంటున్నవి: 285/70ఆర్17 మడ్ టైర్లు, రెండంగుళాల లిఫ్ట్, స్టీల్ బుల్ బార్ (ముందు కట్టే గట్టి బంపర్), వించ్ (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం), పైన లైట్ బార్, స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం), ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం). ఇవన్నీ పెట్టించాక కూడా మైలేజ్ కాస్త మెరుగ్గా ఉండాలని ఆశ. సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

---

రెంచ్‌పట్టు

ముందుగా అభినందనలు. బండి మీద చెయ్యి వేసే ముందు మైలేజ్ సరిగ్గా కొలవండి. స్క్రీన్ చూపించే అంకె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో లెక్కగట్టి చెప్పే అంచనా. చాలా బండ్లలో అది అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది.

పద్ధతి ఇది. ట్యాంక్ నింపించేటప్పుడు నాజిల్ మొదటిసారి కట్ కాగానే ఆపేయండి, ఆ పైన ఒక్క చుక్క కూడా పోయించొద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. సగానికి పైగా ఖర్చయ్యేదాకా నడిపి, వీలైతే అదే పంపులో, బండి అదే వాలులో నిలబెట్టి మళ్లీ మొదటి కట్ దాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక ట్యాంకు లెక్క నమ్మదగినది కాదు. నాజిల్ ఒక్కోసారి ముందే కట్ అవుతుంది, దాంతో రెండు మూడు లీటర్ల తేడా వచ్చేస్తుంది. కొన్ని ట్యాంకుల సగటు తీస్తే ఆ తేడాలు సర్దుకుంటాయి.

ఈ అంకె లేకుండా టైర్లు మార్చేస్తే, ఆ తర్వాత ఎంత పోయిందో, ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

---

కొండదారి

రెంచ్‌పట్టు గారి మాటే నాదీ. ఇంకోటి కూడా చెప్పాలి. మీ పోస్టులో మైలేజ్‌ని తినేస్తున్న రెండు విషయాలు మీరే రాశారు: 110-120 వేగం, పైన బాస్కెట్.

గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 100 నుంచి 120కి వెళ్తే వేగం పెరిగింది 20 శాతమే, గాలి వెనక్కి నెట్టే బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది. అదే 100 నుంచి 80కి దిగితే 36 శాతం తగ్గుతుంది. మన బండ్లు ఎత్తు, వెడల్పు, ముఖం నిటారు. చిన్న కారుకు ఈ లెక్క కొంత తగిలితే మనకు గట్టిగానే తగులుతుంది. 120 బదులు 95-100లో వెళ్లి చూడండి. ఏ పార్టు కొన్నా అంత లాభం రాదు.

ఇక బాస్కెట్. సామాను లేకపోయినా గాలికి అడ్డమే కదా, గొడుగు తెరిచి పట్టుకుని పరిగెత్తినట్టు ఉంటుంది. రూఫ్ బాక్స్ వల్ల ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, 105-120 కిలోమీటర్ల వేగాల్లో అయితే 10 నుంచి 25 శాతం దాకా మైలేజ్ పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. బాస్కెట్‌కీ బాక్స్‌కీ తేడా ఉంటుంది, కానీ దారి ఒకటే. అవసరం లేని రోజుల్లో క్రాస్ బార్లతో సహా విప్పి లోపల పెట్టేయండి. స్పానర్ పని కాసేపే.

లైట్ బార్ కూడా పైన వద్దు. గాలికి ఈల వేస్తుంది. పైగా రాత్రి దుమ్ములో వెలుగంతా బానెట్ మీద పడి కళ్లలోకి కొడుతుంది. కావాలంటే బంపర్ ఎత్తులో పెట్టించండి, అక్కడ దుమ్ములోనూ దారి కనబడుతుంది.

---

డీజిల్‌రాగం

బండి ఎంత తిరిగిందో చెప్పలేదు. కొత్త బండికి మొదట్లో మైలేజ్ తక్కువే వస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ అన్నీ సర్దుకోవాలి. దాదాపు 5,000 నుంచి 8,000 కిలోమీటర్లు తిరిగాకే అసలు మైలేజ్ తెలుస్తుంది. ఈలోగా ఒకే వేగంలో గంటలకొద్దీ నడపకండి, చల్లటి ఇంజిన్‌ని గట్టిగా తొక్కకండి.

మీది కొత్త డీజిల్ కాబట్టి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, దాదాపుగా ఉంటుంది. అందులో మసి నిండినప్పుడు బండి తనంతట తానే అదనంగా డీజిల్ పోసి ఆ మసిని కాల్చేస్తుంది. ఆ కాసేపు స్క్రీన్ మీద మైలేజ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. అది ఫాల్ట్ కాదు, కంగారు పడొద్దు. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగితే ఈ కాల్చుడు పూర్తి కాక మళ్లీ మళ్లీ మొదలవుతుంది, డీజిల్ వృథా. వారంలో ఒకసారైనా ఇంజిన్ బాగా వేడెక్కేలా హైవే మీద కాసేపు ఆగకుండా నడపండి.

అడవిలో తిరిగేవారికి ప్రత్యేకంగా ఒక మాట. డీపీఎఫ్ కాలుతున్నప్పుడు కింద విపరీతమైన వేడి. ఎండిన గడ్డి మీద బండి ఆపకండి. నిప్పు అంటుకోవచ్చు. బండి కింద, ఎగ్జాస్ట్ చుట్టూ చిక్కుకున్న గడ్డిని కూడా ఎప్పటికప్పుడు లాగేయండి.

---

మట్టిబాట

చాలా థాంక్స్. బండి ఇంకా 2,000 కూడా తిరగలేదు. బాస్కెట్ ఇవాళే విప్పేస్తాను. ట్యాంకు లెక్క కూడా మొదలుపెడతాను.

ఈలోగా ఒక డౌట్. వాన పడుతుంటే హైవే మీద గ్రిప్ కోసం 4హెచ్ వేసుకోవచ్చా? బండి ఇచ్చేటప్పుడు చూపించినతను "ఎప్పుడైనా వేసుకోవచ్చు సార్" అన్నాడు.

---

లోరేంజ్

మీది పార్ట్ టైమ్ కాబట్టి జాగ్రత్తగా వినండి. ఇందులో సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, అంటే ముందు, వెనక షాఫ్టులు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు ఉండవు. 4హెచ్ వేయగానే ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయంలో, వెనక చక్రాలు చిన్న వలయంలో తిరుగుతాయి. మట్టిలోనో ఇసుకలోనో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దేస్తుంది. పొడి తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసులో, షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, పార్కింగ్ చేస్తుంటే బండి గెంతుతుంది, 2హెచ్‌లోకి రమ్మంటే రాదు. టైర్లు అరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది.

దారి పొడవునా నీళ్లు నిలిచి, చక్రాలు నిజంగా పట్టు తప్పుతున్నప్పుడు 4హెచ్ వేయండి. అక్కడక్కడా పొడి, అక్కడక్కడా తడిగా ఉన్న రోడ్డు మీద 2హెచ్‌లోనే ఉండి వేగం తగ్గించండి. సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న ఫుల్ టైమ్ బండ్ల సంగతి వేరు. మీ హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ ఒకసారి చదవండి, ఎవరి మాటకన్నా అదే ప్రమాణం.

---

నల్లరబ్బరు

ఇక టైర్ల దగ్గరికి వద్దాం. ఈ చర్చలో డబ్బు ఎక్కువ పోయేదీ, పొరపాటు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

మీ టైరు సైజులో 265 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం సైడ్ వాల్ ఎత్తు, 17 అంటే అంగుళాల్లో రిమ్. సైడ్ వాల్ 185.5 మి.మీ. పైనా కిందా కలిపి 371. రిమ్ 431.8. మొత్తం ఎత్తు 802.8 మి.మీ. మీరు అడిగిన 285/70ఆర్17కి ఇదే లెక్క వేస్తే 830.8 వస్తుంది. తేడా 28 మి.మీ., అంటే మూడున్నర శాతం.

28 మి.మీ.లో సగం ఇరుసు పైకీ, సగం కిందకీ పోతుంది. డిఫరెన్షియల్ కింద మీకు దొరికే అదనపు ఎత్తు 14 మి.మీ. అంతే. దాని కోసం ఒక్కో టైరుకు కొన్ని కిలోల బరువు పెరుగుతుంది. అదీ తిరిగే బరువు. కదిలించడానికీ ఆపడానికీ రెండింటికీ కష్టం. బండికి గేరింగ్ కూడా మూడున్నర శాతం పొడుగవుతుంది.

మైలేజ్ లెక్కలో ఇంకో మెలిక ఉంది. టైరు పెద్దదైతే ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది. మీటర్ 500 అంటే నిజంగా తిరిగింది 517.5. అందులో 50 లీటర్లు పట్టాయనుకోండి, మీకు 10 వచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి 10.35. పెద్ద టైర్లు వేసి "మైలేజ్ ఘోరంగా పడిపోయింది" అనేవాళ్లలో చాలామంది ఈ దిద్దుబాటు చేసుకోరు. పడిపోవడం నిజమే, కానీ వాళ్లు చెప్పేంత కాదు. స్పీడోమీటర్‌కూ ఇదే వర్తిస్తుంది.

నా సలహా: స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ (తారుకీ మట్టికీ పనికొచ్చే టైర్లు) వేసుకోండి. హైవే ఎక్కువ అన్నారు కాబట్టి మడ్ టైర్లు వద్దు. పెద్ద గడులు, మెత్తగా కదిలే బ్లాకులు. వాటికి రోలింగ్ రెసిస్టెన్స్ ఎక్కువ, మోత ఎక్కువ, తడి తారు మీద బ్రేకింగ్ కూడా ఆల్ టెర్రైన్ అంత బాగుండదు.

---

బురదలోకం

నల్లరబ్బరు గారి లెక్కలతో పేచీ లేదు. "మడ్ టైర్లు వద్దు" అన్నదానితోనే నాకు పేచీ.

నేను తిరిగేవి బంకమట్టి దారులు. అలాంటి చోట ఆల్ టెర్రైన్ గడులు మొదటి కొన్ని మీటర్లలోనే నిండిపోయి నున్నటి రబ్బరు చక్రం అయిపోతుంది. మడ్ టైరు చక్రం తిరుగుడుకే ఆ మట్టిని విసిరేస్తుంది. సైడ్ వాల్ మీద కూడా పళ్లుంటాయి, గాడిలో దిగినప్పుడు పక్క గోడను పట్టుకుని పైకి లాగుతాయి. ఇరుక్కున్న చోట గంటసేపు చక్రాలు గిరగిరా తిప్పితే పోయే డీజిల్ మాటేమిటి? మైలేజ్ అంటే హైవే అంకె ఒక్కటే కాదు కదా.

మట్టిబాట అన్నా, నువ్వు తిరిగే నేల ఏదో అది చెప్పు. దాన్ని బట్టే టైరు.

---

నల్లరబ్బరు

బంకమట్టికి మడ్ టైరే రాజు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన రాసింది ఇసుక, రాళ్లు, అడవి దారులు. ఇసుకలో మడ్ టైరు పళ్లు తవ్వుకుంటూ కిందకి దిగుతాయి. అక్కడ కావలసింది తేలే టైరు. గాలి తగ్గించిన మామూలు హైవే టైరు కూడా, నిండా గాలి ఉన్న మడ్ టైరు కన్నా బాగా పోతుంది.

గాలి గురించి: కంకర, గట్టి మట్టి దారుల్లో 25-28 పీఎస్ఐ. రాళ్లలో 20-22. మెత్తటి ఇసుకలో 15-18. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు, బండి బరువును బట్టి అటూ ఇటూ. గాలి తగ్గితే టైరు ముద్ర పొడవు పెరుగుతుంది, బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. ఇంజిన్‌కి కష్టం తగ్గుతుంది కాబట్టి అక్కడ డీజిల్ కూడా మిగులుతుంది. 15 కన్నా కిందకి దిగితే మలుపులు చాలా మెల్లగా తిప్పండి, లేకపోతే టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది.

తారు ఎక్కే ముందు గాలి మళ్లీ నింపాలి, తప్పదు. తక్కువ గాలితో వేగంగా వెళ్తే సైడ్ వాల్ వేడెక్కి పేలుతుంది.

---

బురదలోకం

ఇసుక సంగతి నిజమే. ఇసుక, రాళ్లు అయితే ఆల్ టెర్రైన్‌కే నా ఓటు. వానాకాలం అడవి దారులు మాత్రం ఒకసారి చూసుకో అన్నా, అక్కడ నేల ఎలా ఉంటుందో.

---

కొండదారి

లిఫ్ట్, బుల్ బార్, వించ్ గురించి ఎవరూ ఎత్తలేదు. నేను చెబుతాను.

వెనక సాలిడ్ యాక్సిల్ అన్నారు. లిఫ్ట్ చేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. డిఫరెన్షియల్ ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి అది అంగుళం కూడా లేవదు, దాన్ని లేపేది టైరు ఒక్కటే. లిఫ్ట్ వల్ల లాభం లేదని కాదు. అప్రోచ్, డిపార్చర్, బ్రేక్ ఓవర్ కోణాలు (ముందు, వెనక, మధ్య భాగాలు నేలకు తగలకుండా ఎక్కి దిగగల కోణాలు) మెరుగవుతాయి, పొట్ట తగలదు. కానీ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో చక్రాలకు శక్తినందించే సీవీ జాయింట్ల కోణం పెరిగి అరుగుదల ఎక్కువవుతుంది, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, గాలి నిరోధం పెరుగుతుంది, బరువు కేంద్రం పైకి పోతుంది. ముందు స్టాక్ ఎత్తులో కొన్నాళ్లు తిరగండి. ఎక్కడ, ఏ భాగం తగులుతోందో కింద గీతలే చెబుతాయి.

బరువు లెక్క ఇంకా ముఖ్యం. బండి పత్రాల్లో గ్రాస్ వెహికల్ మాస్ అని ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ హద్దు. గ్రాస్ 3,000 కిలోలు, ఖాళీ 2,300 అనుకుందాం. మిగిలింది 700. సగటున 75 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 375 పోయింది. మిగతా 325లోనే బుల్ బార్, వించ్, స్లైడర్లు (పక్కల్ని రాళ్ల నుంచి కాపాడే కడ్డీలు), రెండో బ్యాటరీ, నీళ్లు, టెంటు, పనిముట్లు అన్నీ సర్దాలి. స్టీల్ బార్, వించ్ రెండూ కలిపితేనే చాలా బండ్లలో 80-100 కిలోలు. అదీ ముందు ఇరుసు మీదే కూర్చుంటుంది. ఇరుసుకు విడిగా ఉన్న హద్దు కూడా చూడాలి.

మైలేజ్ విషయానికొస్తే 45 కిలోల అదనపు బరువుకు సుమారు ఒక శాతం పోతుందని సాధారణ లెక్క. బరువైన బండికి ఆ శాతం కాస్త తక్కువే. హైవే మీద కన్నా ఊళ్లో, ఘాట్లలో దీని దెబ్బ ఎక్కువ.

పైకప్పు మీద కదులుతున్నప్పుడు మోయగల బరువు చాలా బండ్లకి 100 కిలోల లోపే. బాస్కెట్ బరువు కూడా అందులోదే. ఆగి ఉన్నప్పుడు మోసే బరువు వేరు. టెంటు అమ్మేవాళ్లు చెప్పేది తరచూ ఆ రెండోదే.

---

లోరేంజ్

నన్నడిగితే మొదటి అప్‌గ్రేడ్‌లు బయటికి కనిపించవు. ప్రెషర్ గేజ్, మంచి కంప్రెసర్ కొనండి. కంప్రెసర్‌ని బ్యాటరీకి క్లిప్పులతో నేరుగా పెట్టుకునే రకం తీసుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ సాధారణంగా 10-15 ఆంప్‌లు, పెద్ద కంప్రెసర్ లాగే కరెంటుకి అది చాలదు.

తర్వాత రికవరీ పాయింట్లు, అంటే ఇరుక్కున్న బండిని లాగడానికి తగిలించే చోట్లు. ఛాసిస్‌కి బోల్టులతో బిగించి, ఎంత బరువు తట్టుకుంటుందో ముద్రించినవే అసలైన పాయింట్లు. ముందు కనిపించే సన్నటి కొక్కేలు చాలా బండ్లలో రవాణాలో కట్టేయడానికి ఇచ్చినవి. ట్రైలర్ లాగే టో బాల్‌కి స్నాచ్ స్ట్రాప్ (బండిని లాగే సాగే పట్టీ) తగిలించడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. అది విరిగితే తుపాకీ గుండులా ఎగురుతుంది, దాని వల్ల మనుషులు చనిపోయారు. లాగుతున్నప్పుడు చుట్టుపక్కల ఒక్కరు కూడా నిలబడకూడదు.

స్ట్రాప్ బలం, రెండింటిలో తేలిక బండి గ్రాస్ బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. మరీ బలమైనది తీసుకుంటే సాగదు, ఆ కుదుపంతా ఛాసిస్ మీద పడుతుంది. ఒంటరిగా వెళ్తే పార, రెండు రికవరీ బోర్డులు (చక్రాల కింద పెట్టే పలకలు) చాలాచోట్ల వించ్ పని చేసేస్తాయి.

ఇంకోటి డిఫరెన్షియల్ బ్రీథర్. దారిలో వేడెక్కిన డిఫరెన్షియల్ వాగులోని చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుపోతుంది. ఊపిరి పీల్చుకోవడానికి బ్రీథర్ ఉంటుంది, అది మూసుకుపోయినా, నీటి కిందే ఉన్నా సీళ్ల సందుల్లోంచి, బ్రీథర్‌లోంచి నీళ్లు లాగేస్తుంది. గేర్ ఆయిల్ పాలరంగులోకి మారిందంటే అదే. చిన్న గొట్టంతో బ్రీథర్‌ని పైకి పొడిగించుకుంటే సరిపోతుంది. స్నార్కెల్ కన్నా ఇదే ముందు చేయించాలి.

---

డీజిల్‌రాగం

స్నార్కెల్ ఒక్కటే పెట్టించి బండి పడవ అయిందనుకోవడం ప్రమాదం. ఆల్టర్నేటర్, వైరింగ్, డోర్ సీళ్లు, గేర్‌బాక్స్ బ్రీథర్ అన్నీ పాత ఎత్తులోనే ఉంటాయి. హ్యాండ్‌బుక్‌లో రాసిన వేడింగ్ డెప్త్ (బండి దాటగల నీటి లోతు) మారదు. దుమ్ము దారుల్లో ఎక్కువ తిరిగేవారికి మాత్రం పైనుంచి శుభ్రమైన గాలి వస్తుంది, అది నిజమైన లాభం.

రీమ్యాప్ ఇప్పుడే వద్దు. వారంటీ మొత్తం ఉంది. టార్క్ పెరిగిన చోటల్లా ఆ భారం టర్బో, గేర్‌బాక్స్, టార్క్ కన్వర్టర్ మోయాలి. ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వ్యవస్థ) మూసేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం అనే ఆఫర్లు అస్సలు ముట్టుకోకండి, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం.

ఇంధన గొట్టానికి అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, లైటర్ సాకెట్‌లో గుచ్చే పెట్టెలు అన్నీ దండగే. ఇలాంటివి వందకు పైగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరీక్షించింది. చెప్పుకోదగ్గ లాభం ఉన్నవి అతి కొద్ది. మిగతావాటిలో కొన్ని ఇంజిన్‌నే పాడుచేస్తాయి.

---

కొత్తచక్రం

నాదీ కొత్త బండే, పెట్రోల్. ప్రీమియం పెట్రోల్ పోస్తే మైలేజ్ వస్తుందా? ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే ఆదా అవుతుందంటున్నారు, నిజమేనా?

---

రెంచ్‌పట్టు

హ్యాండ్‌బుక్ ప్రీమియం అడగకపోతే ప్రీమియం పోసి లాభం లేదు. ప్రీమియంలో ఎక్కువుండే ఆక్టేన్ అంటే నాకింగ్ (పెట్రోల్ వేళ కాని వేళ పేలి ఇంజిన్ కొట్టుకోవడం) తట్టుకునే గుణం, శక్తి ఎక్కువని అర్థం కాదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో మైలేజ్ కొంచెం తగ్గడం సహజం, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పది శాతం కలిస్తే మూడు శాతం దాకా పోతుంది.

న్యూట్రల్ మాత్రం ఎప్పుడూ వద్దు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు ఇంజెక్టర్లనే ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఇంధన ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది, బ్రేకులు కాలిపోతాయి. ఘాట్‌లో అది ప్రాణాంతకం.

ఆగి ఉన్నప్పుడు ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచడం కూడా తగ్గించండి. ఇంజిన్ సైజును బట్టి గంటకు లీటరు నుంచి రెండు లీటర్లు పోతాయి.

---

మట్టిబాట

కొన్ని ట్యాంకుల లెక్క తేలింది. బాస్కెట్ ఉండగా, పాత వేగంతో నడిపిన ట్యాంకు 9.1 వచ్చింది. స్క్రీన్ 9.5 అంది, అంటే రెంచ్‌పట్టు గారు చెప్పినట్టే ఎక్కువ చూపిస్తోంది. బాస్కెట్, బార్లు విప్పి, 95-100 మధ్య క్రూజ్ పెట్టి నడిపిన ట్యాంకుల సగటు 11.2. ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు, నమ్మలేకపోతున్నాను!

ఉదయం చల్లగా ఉన్నప్పుడు గాలి కూడా చూశాను. డోర్ పక్క స్టిక్కర్ మీద 35 ఉంటే చక్రాల్లో 29-30 ఉంది. నింపాను. ఇంకో సంగతి, హైవే దిగాక ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే మిగతావాటికన్నా బాగా వేడిగా అనిపించింది. ఏమై ఉంటుంది?

---

రెంచ్‌పట్టు

మంచి ఫలితం. ఎక్కువ భాగం వేగం, బాస్కెట్ వల్ల వచ్చిందే. సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గుదలకు 0.2 శాతం అని లెక్క, కాబట్టి ఐదారు పీఎస్ఐ నింపినందుకు వచ్చేది ఒక శాతం చిల్లర. అయినా టైరు అరుగుదలకీ, భద్రతకీ అది చాలా పెద్ద తేడా.

ఆ వేడి చక్రాన్ని నిర్లక్ష్యం చేయొద్దు. బ్రేక్ పట్టుకుని ఉండొచ్చు. మీరు మట్టిలో కూడా తిరుగుతారు కాబట్టి క్యాలిపర్ స్లైడ్ పిన్నుల్లోనో, హ్యాండ్ బ్రేక్ కేబుల్‌లోనో మట్టి చేరి ఉండొచ్చు, డిస్కుకీ షీల్డుకీ మధ్య చిన్న రాయి ఇరికి ఉండొచ్చు. సమతల నేల మీద మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ మీద ఆ చక్రం లేపి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. పక్క చక్రంతో పోల్చండి. గట్టిగా ఉంటే సర్వీస్‌కి తీసుకెళ్లండి, వారంటీలోనే చూస్తారు. జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరకండి.

---

ఎర్రదుమ్ము

మట్టిలో తిరిగొచ్చాక కడిగేటప్పుడు రిమ్ముల లోపలి వైపు తప్పకుండా చూడండి. బయటికి తళతళలాడుతుంటాయి, లోపల ఒక పక్కన అరచేయంత మట్టి పెళ్ల ఎండి అతుక్కుని ఉంటుంది. 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అందరూ బ్యాలెన్సింగ్‌కి పరిగెడతారు. పుల్లతో గీకేస్తే పోతుంది.

రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కల్లో కూడా గడ్డి గింజలు, మట్టి నిండుతాయి. ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నుంచి కొట్టకండి, రెక్కలు వంగిపోతాయి. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు పట్టండి.

---

మట్టిబాట

చిన్న రాయే! డిస్కు షీల్డులో ఇరికింది. తీసేశాక రెండు చక్రాలూ ఒకేలా తిరుగుతున్నాయి. ఎర్రదుమ్ము గారు చెప్పిన పెళ్ల కూడా రెండు రిమ్ముల్లో దొరికింది.

నిర్ణయానికొచ్చాను. స్టాక్ సైజులోనే ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం ఆల్ టెర్రైన్ టైర్లు, కంప్రెసర్, ముందూ వెనకా రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్లు, బ్రీథర్ పొడిగింపు, పొట్ట కింద స్కిడ్ ప్లేట్. లిఫ్ట్, బుల్ బార్, వించ్ గురించి ఒక వానాకాలం తిరిగాక ఆలోచిస్తాను. రీమ్యాప్, స్నార్కెల్ లిస్టులోంచి తీసేశాను.

చివరి ప్రశ్న: ఎల్‌టీ టైర్లకు కూడా స్టిక్కర్ మీద ఉన్న 35 సరిపోతుందా?

---

నల్లరబ్బరు

బహుశా చాలదు. ఎల్‌టీ టైరు అంతే బరువు మోయాలంటే మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ లోడ్ పట్టికలో మీ సైజు ఎదుట మీ ఇరుసు బరువు చూసి, దానికి తగ్గ గాలి పట్టండి.

ఆ తర్వాత రోడ్డు మీద సరిచూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు కొలిచి, మామూలు సామానుతో హైవే మీద గంటసేపు నడిపి, ఆగగానే మళ్లీ కొలవండి. నాలుగు పీఎస్ఐ దాకా పెరిగితే బాగున్నట్టు. అంతకు మించి పెరిగితే టైరు ఎక్కువ నలుగుతోంది, చల్లటి గాలి పెంచాలి. పెరుగుదల మరీ తక్కువుంటే గాలి ఎక్కువైంది, కొంచెం తీసేయండి. ఎల్‌టీ టైర్లకి ఆరు దాకా పెరిగినా పర్వాలేదంటారు. బయటి వేడి ఐదారు డిగ్రీలు మారితే ఒక పీఎస్ఐ మారుతుంది, కాబట్టి చలికాలం రాగానే మళ్లీ చూడండి.

చక్రాలు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లకి వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడాలి. హ్యాండ్‌బుక్‌లో రాసిన అంకెకే బిగించండి. ఆ ఆగినప్పుడే గాలి వేడి రీడింగ్ కూడా తీసుకుంటే రెండు పనులూ అయిపోతాయి. అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.